పౌర్ణమి నాటి సూర్యగ్రహణం

మొన్న మా మనవరాలి క్లాసు పిల్లలందరూ కలిసి తార్నాకను సముద్రం ఒడ్డున పెట్టేశారు. 'మీరు నివసించే ప్రాంతపు వాతావరణాన్ని వర్ణించండి' అని హోంవర్క్ ఇస్తే, ఎక్కడివాళ్ల కోసమో ఎవరో ఫోన్లో రాసిపెట్టిన జవాబును ఉన్నది ఉన్నట్టు ఎత్తి నోట్సులో దించారు. "మా ప్రాంతం తీరానికి దగ్గరగా ఉన్నందున సాయంత్రం వేళ చల్లని సముద్రపు గాలులు వీస్తాయి" అట! మెట్రో పిల్లర్ల కింద బస్సుల పొగ తప్ప ఇంకే గాలీ ఎరుగని పిల్లలు రాసిన మాట ఇది. టీచరమ్మ ఆ వాక్యాన్ని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, పక్కన రెండు నవ్వే బొమ్మలు పెట్టింది. తల్లిదండ్రులూ తలా ఒక నవ్వే బొమ్మ పెట్టారు. మా అమ్మాయి పడీ పడీ నవ్వి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. నాకు నవ్వు రాలేదు సరికదా, అరికాలి మంట నెత్తికెక్కింది.

క్లాసుకు క్లాసు ఒకే తప్పు రాస్తే ఇప్పుడది వేడుక. అదే పని ఒకే ఒక్క ప్రశ్నకు నేనూ మా అమ్మా చేస్తే దొంగలమయ్యాం. చిన్నపిల్లలు కదమ్మా, అంత కోపమెందుకు అని మా అమ్మాయి నన్నే మందలించింది. దానికేం తెలుసు? నేనెప్పుడైనా చెప్పి ఉంటే కదా.

మా నాయన తార్నాక పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక సైన్సు డిపార్ట్‌మెంటులో అటెండర్. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కా నుంచి సీసాల్లో కప్పలను నిలవబెట్టే మందు వాసన వచ్చేది. ముక్కు మండేది. అయినా ఆ చొక్కా విప్పేదాకా నేను ఆయన్ను వదిలేదాన్ని కాదు. అటెండర్లకు ఇచ్చిన రేకుల ఇళ్లలో ఉండేవాళ్లం. వాన పడితే రేకుల మీద చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. హాస్టల్ వంటశాల వైపు నుంచి మధ్యాహ్నం సాంబారు వాసన వచ్చేది. ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటూ ఆ వాసనను నంజుకునేవాళ్లం. బండరాళ్ల మధ్య సీతాఫలం చెట్లుండేవి. కాయ కళ్లు విప్పకముందే కోసుకొచ్చి బియ్యం డబ్బాలో దాచేవాళ్లం. వాచ్‌మన్ కర్ర పట్టుకుని తరిమేవాడు గానీ, ఆయన పిల్లలు కూడా మాతోనే పరుగెత్తేవారు కాబట్టి ఆ కర్ర ఎవరి మీదా పడేది కాదు. ఇప్పుడు ఆ బండలూ లేవు, ఆ రేకుల ఇళ్లూ లేవు.

నేను ఏడో తరగతికి వచ్చే ముందు నాయన పోయాడు. జ్వరం అన్నారు, పెద్దాసుపత్రి అన్నారు, అయిపోయింది. అమ్మ నన్ను తీసుకుని ఊరికి పోయింది. పంట చేతికొచ్చేదాకా అక్కడే ఉండిపోయాం. ఇక్కడ బడిలో నా పేరు కొట్టేశారు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, ముషీరాబాద్‌లో సైకిళ్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఆయనే ఊరికొచ్చి కబురు చెప్పాడు. భర్త ఉద్యోగం భార్యకు ఇస్తారట, కానీ అటెండర్ కావాలంటే ఏడో తరగతి పాసైన కాగితం ఉండాలట, దానికి ఒక గడువు ఉందట. అందాకా క్యాంపస్ రోడ్లు ఊడ్చే పనిలో రోజుకూలీగా పెట్టుకుంటారట. అమ్మ ఊళ్లో ఐదు దాకా చదివి ఆపేసిన మనిషి. అయినా తెల్లారి మూట కట్టింది.

నా బడి ఎట్లాగూ చెడింది కాబట్టి ఇద్దరం ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్ష రాయాలని చిన్నాయన తేల్చాడు. తల్లీకూతుళ్లం ఒకే క్లాసు. ఈ మాట విన్నవాళ్లంతా నవ్వేవాళ్లు, అందరికంటే ఎక్కువ అమ్మ నవ్వేది. "నేను ఫెయిలైతే నువ్వు నాకు పెద్దక్క అయితవ్" అనేది.

పుస్తకాల సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో కొత్త పుస్తకాలు కొనేవాళ్లు మా వాడలో లేరు. వేసవి సెలవులు అయిపోతుండగానే పై క్లాసుకు పోయిన పిల్లల ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లం. అడిగే మొదటి మాట, బ్రాకెట్లు పెట్టినవేనా అని. బడిలో టీచర్ పాఠం చెప్పడమంటే, చివరనున్న ప్రశ్నలకు జవాబులు పాఠంలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పడమే. పిల్లలు ఆ రెండు చోట్ల పెన్సిల్‌తో బ్రాకెట్లు గీసి, పక్కన ప్రశ్న నెంబరు వేసుకునేవాళ్లు. బ్రాకెట్ల లోపలున్నది బట్టీ పట్టాలి. బయట ఉన్నది ఎవరూ చదవరు, అక్కరలేదు. అట్ట చిరిగినా ఫరవాలేదు గానీ బ్రాకెట్లు చెరిగిన పుస్తకాన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకునేవాళ్లు కాదు.

చిన్నాయన తన దుకాణానికొచ్చే ఎవరో పిల్లవాడి పుస్తకాలు సంపాదించి తెచ్చాడు. అన్నింట్లో బ్రాకెట్లు దివ్యంగా ఉన్నాయి. సైన్సు పుస్తకంలో మాత్రం గ్రహణాల పేజీ చినిగిపోయింది. ఆ పిల్లవాడు బుద్ధిమంతుడు కాబోలు, ఎవరి పుస్తకంలోనో చూసి ఆ జవాబును రూళ్ల కాగితం మీద రాసుకుని, అన్నం మెతుకులతో అక్కడ అతికించాడు. చూసి రాసేటప్పుడు మధ్యలో కొన్ని వరుసలు దాటేసి, కొన్ని కిందామీదా చేశాడు. చంద్రగ్రహణం సగం, సూర్యగ్రహణం సగం కలిసిపోయి, ఆ చీటీలో ఇట్లా తయారైంది: "సూర్యునికి, చంద్రునికి మధ్య భూమి వచ్చినప్పుడు సూర్యగ్రహణము ఏర్పడును. ఇది పౌర్ణమి నాడు మాత్రమే సంభవించును." ఇప్పుడు చెప్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అప్పుడు మాకది అచ్చులో ఉన్న మిగతా పుస్తకంతో సమానం.

మాకు చదువు చెప్పింది క్వార్టర్స్ ఆంటీ. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక లెక్చరర్ గారి భార్య. సాయంత్రం వాళ్ల వరండాలో పనివాళ్ల పిల్లలను కూర్చోబెట్టి ఉచితంగా జవాబులు అప్పజెప్పించుకునేది. లోపల నుంచి కాఫీ వాసన, ఇంగువ పోపు వాసన వచ్చేవి. ఆకలేస్తుందంటే పెరుగన్నంలో ఆవకాయ ముక్క వేసి పెట్టేది. ఆమె చెడ్డది అని నేను ఇప్పటికీ అనలేను. అనగలిగితే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

అమ్మ పిల్లల మధ్య కూర్చునేది. మొదట్లో సిగ్గుపడి స్తంభం చాటుకు జరిగేది. తరువాత్తరువాత అందరికంటే గట్టిగా అప్పజెప్పేది. పొద్దున రోడ్లు ఊడుస్తూ వల్లించేది. చీపురు అటు పోతే భూభ్రమణము, ఇటు వస్తే భూపరిభ్రమణము. తోడుగా ఊడ్చే ఒకావిడ ఉండేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. "ఏందే, మంత్రాలు చదువుతున్నవా, ఆకులు వాటంతటవే పోతయా?" అని ఆటపట్టించేది. పరిశోధన చేసే అబ్బాయిలు సైకిలాపి, ఉష్ణమండలం అంటే ఏంటో చెప్పక్కా అని అడిగితే, అమ్మ చీపురు భుజానికి ఆనించి గుక్కతిప్పుకోకుండా చెప్పేది. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. నాయన పోయాక అమ్మ మొహంలో నేను వెలుగు చూసింది ఆ కొన్ని నెలలే. భూగోళం అంటే ఆమెకు పిచ్చి. పటం మీద అరచేయి పెట్టి, మనం ఇక్కడ, సముద్రం అక్కడ, మధ్యలో ఎంత నేల ఉందో చూడు అనేది. ఉద్యోగం వస్తే మొదట సముద్రం చూడాలని అనుకుంది.

గ్రహణాల చీటీ దగ్గర మాత్రం ఆగిపోయింది. రెండుసార్లు చదివి, వేలు కాగితం మీదే ఉంచి ఆంటీని అడిగింది.

"మేడమ్, మా ఊర్ల సూర్యగ్రహణం అమాసకే పట్టేది. గీడ పున్నమి అని ఉన్నది."

ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల పాలు పొంగుతున్నాయి. పుస్తకం చేతిలోకి తీసుకోలేదు.

"పుస్తకంలో ఎలా ఉంటే అలా రాయండమ్మా. పరీక్షలో మన సొంతం కలిపితే మార్కులు పోతాయి" అని లోపలికి వెళ్లింది.

అమ్మ తల ఊపింది. ఆ మాటను ఆమె దేవుడి మాటలా పట్టుకుంది. ఊళ్లో పట్టేది ఒక గ్రహణం, పుస్తకంలో పట్టేది ఇంకొక గ్రహణం అనుకుందో ఏమో! తను కళ్లతో చూసింది, గర్భిణులను గదిలో కూర్చోబెట్టింది, గ్రహణం విడిచాక తలస్నానాలు చేయించింది, అదంతా మూట కట్టి పక్కన పెట్టి, పౌర్ణమి అని బట్టీ పట్టింది. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం. కళ్లకద్దుకునేదాన్ని తప్పు అని ఎట్లా అంటాం?

పరీక్ష మల్కాజ్‌గిరి దిక్కు ఒక బడిలో పడింది. దరఖాస్తులు ఇద్దరివీ కలిపి కట్టాం కాబట్టి నెంబర్లు పక్కపక్కనే వచ్చాయి. ముందు బెంచీలో అమ్మ, వెనక బెంచీలో నేను. ప్రైవేటు వాళ్లను చివరి గదిలో వేశారు. మీసాలు నెరిసిన ఒక వాచ్‌మన్, చంకలో పిల్లను బయట తల్లికిచ్చి వచ్చిన ఒకామె, ఇంకా కొందరు. తెలుగు, లెక్కలు బాగా రాశాం. బయటికొచ్చి గోడ పక్కన కూర్చుని అమ్మ తెచ్చిన సర్వపిండి రొట్టె తింటూ జవాబులు సరిచూసుకున్నాం. పొద్దున వేసిన నువ్వుల వాసన ఇంకా పోలేదు. పాసైతున్నం బిడ్డా అంది అమ్మ.

సైన్సు పరీక్ష నాడు గ్రహణం ప్రశ్న వచ్చింది. ప్రశ్నలు వచ్చిన వరుసలోనే రాయాలని ఆంటీ నేర్పింది కాబట్టి, ఇద్దరం అప్పటికే ఆ జవాబు రాసేశాం. గదిలో తిరుగుతున్న ఇన్విజిలేటర్ మేడమ్ నా పక్కన ఆగి, కాగితం చూసి ఫక్కున నవ్వింది. పౌర్ణమికి సూర్యగ్రహణమా అని తల కొట్టుకుంటూ ముందుకు నడిచింది. అమ్మ పక్కన ఆగింది. అక్కడా అవే మాటలు, అదే వరుస, అదే పౌర్ణమి. ఆమె నవ్వు ఆగిపోయింది. ఇద్దరి కాగితాలూ లాగేసుకుని మమ్మల్ని హెడ్మాస్టరు గదికి నడిపించింది.

హెడ్మాస్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. నేను ఏడుస్తూనే చెప్పాను, మా ఇద్దరిదీ ఒకటే పుస్తకం సార్, పేజీ చినిగింది, చీటీ అతికించి ఉంది అని. ఆయన చేయెత్తి ఆపాడు.

"ఒప్పు అందరూ ఒక్కతీరుగ రాస్తరు. తప్పు ఎవరిది వాళ్లకుండాలె గదా. ఇద్దరికీ ఒకటే తప్పు ఎట్లొస్తది?"

తరువాత అమ్మ వైపు తిరిగి అడిగాడు. సూర్యగ్రహణం ఎప్పుడు వస్తదమ్మా? అమ్మ నేల చూస్తూ, అమాసకు సార్ అంది. నిజం చెప్పింది. ఆమెను ముంచింది ఆ నిజమే. ఆయన బల్ల మీద చేత్తో కొట్టి, సరైన జవాబు తెలిసి కూడా తప్పు రాసినవంటే చూసి రాసినవనే కదా అన్నాడు. పుస్తకంల అట్లనే ఉన్నది సార్ అని అమ్మ మెల్లగా అంది. తాను ఇన్నేళ్లుగా పాఠం చెప్తున్నానని, తాను ఎరగని పుస్తకం ఏదని ఆయన గయ్యిమన్నాడు. పుస్తకం ఇంటి దగ్గర తార్నాకలో ఉంది. పరీక్ష టైము అయిపోతోంది.

ఎవరు ఎవరిది చూసి రాశారో చెప్తే రెండోవాళ్లను రాయనిస్తానని, లేకుంటే ఇద్దరినీ డిబార్ చేయమని పైకి రాస్తానని ఆయన తేల్చాడు. గోడ గడియారం కొట్టుకుంటోంది. నేను మళ్లీ చీటీ సంగతి ఎత్తుకోబోతుంటే, అమ్మ నా భుజం మీద చేయి వేసి వెనక్కి జరిపింది.

"నేనే ఎన్కకు తిరిగి చూసి రాసిన సార్. పిల్లకేం తెల్వది. దాన్ని పోనియ్యండ్రి."

అంతే. ఎంత తొందరగా అనేసిందంటే, ఆయన ఇంకా కలం మూత కూడా తీయలేదు. తరువాత రాసుకున్నాడు. నా కాగితం నాకిచ్చి పో అన్నాడు.

గది బయట అమ్మ నా కళ్లు తన కొంగుతో తుడిచింది. చెవి దగ్గరికి వంగింది.

"గా గ్రహణం జవాబు కొట్టెయ్యకు. నువ్వు మార్చినవంటే మళ్ల అనుమానపడతరు. తప్పున్నా అట్లనే ఉండనియ్యి. మిగిలినవి మంచిగ రాయి."

నేను పోయి మిగిలినవి రాశాను. కిటికీలోంచి చూస్తే అమ్మ గోడ పక్కన ఎండలో కూర్చుని ఉంది, ఒళ్లో సర్వపిండి మూట. నేను బయటికి రాగానే, ఎన్ని ప్రశ్నలు రాశానని అడిగింది. తన సంగతి ఒక్క మాట ఎత్తలేదు. నేను తిననన్నాను. తినమని బతిమాలింది. మిగిలిన పరీక్షలకు నన్ను తీసుకుని వచ్చి, తను ఆ గోడ పక్కనే కూర్చునేది.

చిన్నాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పుస్తకం చంకలో పెట్టుకుని ఆ బడికి బయలుదేరాడు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. లొల్లి చేస్తే పిల్ల పేపరు కూడా ఆపుతారని ఆమె భయం. ఆ భయం ఉత్తదేమీ కాదని చిన్నాయనకూ తెలుసు. పుస్తకం మళ్లీ గూట్లోకి పోయింది. క్వార్టర్స్ ఆంటీ దగ్గరికి నేను తీసుకెళ్లి చీటీ చూపించాను. ఆమె అప్పుడు చదివింది, మొదటిసారి. మొహం తెల్లబోయింది.

"అయ్యో, నేను చూసుకోలేదే" అంది. పుస్తకం నా చేతికి తిరిగిచ్చి, "అయినా మీ అమ్మ తను చెయ్యని పని ఎందుకు ఒప్పుకుందీ?" అంది.

ఆమె ఇంటి మెట్లు నేను మళ్లీ ఎక్కలేదు. చదువుకున్నవాళ్లకు ఈ ప్రశ్న భలే తొందరగా వస్తుంది. ఎందుకు ఒప్పుకుంది? ఒప్పుకోకపోతే ఏమయ్యేదో తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న కాదది.

నేను పాసయ్యాను. అమ్మను డిబార్ చేశారు. గడువు దాటిపోయింది, నాయన ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. అమ్మ చీపురు అమ్మ చేతిలోనే ఉండిపోయింది. కూతురి పేపరు చూసి కాపీ కొడుతూ దొరికిపోయిందట అనే మాట క్యాంపస్ అంతా పాకింది. తోటివాళ్లు కాపీ అక్క అని పిలిచేవాళ్లు. ద్వేషంతో కాదు, ముద్దుగానే. అమ్మ కూడా నవ్వేది. ఆ తరువాత ఆమె ఊడుస్తూ ఏమీ వల్లించలేదు. సైకిలాపి అడిగే అబ్బాయిలకు, నాకేం తెల్వదు నాయనా అని చెప్పి పక్కకు జరిగేది.

కొన్నేళ్లకు నేను ఆ క్యాంపస్‌లోనే డిగ్రీ దాటి పై చదువు చదివాను. పొద్దున క్లాసుకు పోతుంటే దారి పొడుగునా అమ్మ ఊడ్చిన గుర్తులు, మట్టిలో చీపురు గీతలు ఉండేవి. స్నేహితురాళ్లు ముచ్చట్లాడుతూ వాటి మీద నడిచేవాళ్లు. నేను గట్టు మీద నడిచేదాన్ని. ఉద్యోగం వచ్చాక ఒకసారి, ఇప్పుడు అందరికీ నిజం చెప్తానమ్మా, నువ్వు చూసి రాయలేదని చెప్తా అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తకుండానే, నీ పాసు మీద మళ్లీ ఎవరైనా నోరు పారేసుకుంటరు, వద్దు అంది. నాకు ఒట్టు పెట్టించింది. ఎవరు అడుగుతారమ్మా ఇప్పుడు, ఎప్పటి ఏడో తరగతి అంటే వినలేదు. సముద్రం చూపిస్తానన్నాను. మోకాళ్లు నొస్తున్నయి, ఇంకోసారి పోదాం అంది. ఆ ఇంకోసారి రాలేదు.

అమ్మ పోయిన పదకొండో రోజు మా తార్నాక ఫ్లాటుకు క్యాంపస్ వాళ్లు చాలామంది వచ్చారు. తోడుగా ఊడ్చిన పెద్దమ్మ కూడా వచ్చింది. నడుము వంగిపోయింది, ఆటోలో ఎవరో తీసుకొచ్చారు. భోజనాల దగ్గర అమ్మ ముచ్చట్లు చెప్తూ, బంగారం లాంటి మనిషి, చదువొక్కటే రాలేదు పాపం, బిడ్డది చూసి రాయబోయి దొరికిపాయె అని కళ్లొత్తుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు జాలిగా నవ్వారు.

ఒట్టు పెట్టించుకున్న మనిషే లేదు. ఇంక నేను ఎందుకు ఆగాలి? ఆవిడ పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను. చినిగిన పేజీ, చీటీ, వరుస దాటేసిన పిల్లవాడు, పాలు పొంగుతున్న వంటిల్లు, హెడ్మాస్టరు, అమాస అని అమ్మ చెప్పిన జవాబు. అమ్మకు చదువొచ్చు పెద్దమ్మా, నాకంటే బాగా వచ్చు, ఆమె ఎవరిదీ చూడలేదు అన్నాను. ఆవిడ ఓపికగా అంతా విన్నది. ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, రెండో చేత్తో నా తల నిమిరింది.

"తల్లి మీద పాయిరంతోని ఏ బిడ్డయినా గట్లనే అంటది. కాపీ కొట్టింది నిజమే బిడ్డా. నాకు ఎవరో చెప్పలే, మీ అమ్మే చెప్పింది."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. ఇంకొకావిడ, నాకు కూడా చెప్పింది అంది. చెప్పి ఉంటుంది. నా మీద మాట రాకుండా అడిగిన ప్రతి మనిషికీ చెప్పి ఉంటుంది. నా కోసం అమ్మ ఆడిన అబద్ధాన్ని క్యాంపస్ అంతా నమ్మింది. అమ్మ కోసం నేను చెప్పిన నిజాన్ని ఆ రోజు నా ఇంట్లో, నా అన్నం తింటున్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.